చెవుల చాటు నటుడు

హోప్ టౌన్ రేవులో నిలబడితే నీటికి ఆవల ఒక పట్నం కనిపిస్తుంది. 2024 వరకూ దాని పేరు పోర్ట్ బ్లెయిర్, ఇప్పుడు శ్రీ విజయపురం. వెనక ఉన్న హారియట్ కొండకు 2021లోనే మౌంట్ మణిపూర్ అని పేరు మార్చారు. ఆశ పేరు పెట్టుకున్న ఈ చిన్న ఊరిని మాత్రం ఎవరూ కదిలించలేదు. 1872 ఫిబ్రవరి 8 సాయంత్రం కొండ మీద సూర్యాస్తమయం చూసి దిగివచ్చిన వైస్రాయ్ లార్డ్ మేయోను షేర్ అలీ ఆఫ్రిదీ అనే ఖైదీ ఈ రేవులోనే కత్తితో పొడిచి చంపాడు. నెల తిరగగానే, మార్చి 11న, అతన్ని వైపర్ దీవిలో ఉరితీశారు. చరిత్ర పుస్తకాలు హోప్ టౌన్‌కు ఇచ్చిన చోటు ఆ ఒక్క సాయంత్రమే.

కథల్లో దక్కిన చోటు వేరు. ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో రాసిన షెర్లాక్ హోమ్స్ నవల 'ద సైన్ ఆఫ్ ఫోర్'లో జొనాథన్ స్మాల్ అనే ఇంగ్లిష్ ఖైదీకి గుడిసె ఇచ్చింది ఈ కొండవాలు మీది హోప్ టౌన్‌లోనే. టోంగా అనే అండమాన్ ఆదివాసిని వెంటబెట్టుకుని అతను తప్పించుకుపోతాడు. ఇక్కడి ఆదివాసులను నరమాంస భక్షకులుగా డాయిల్ చిత్రించిన తీరు ఈనాటికీ చిరాకు పుట్టిస్తుంది. ద్వీపవాసుల గురించి వలస పాలకుల పుస్తకాల్లో పేరుకున్న పుకార్లన్నీ ఆ పేజీల్లోకి దిగిపోయాయి. అయితే అదే నవలలో హోమ్స్ తన తర్కానికి మూలసూత్రం కూడా చెబుతాడు. జరగడానికి వీల్లేని వాటిని ఒక్కొక్కటిగా పక్కన పెడుతూ పోతే చివరికి ఏది మిగిలితే అదే నిజం, అది ఎంత నమ్మశక్యం కానిదైనా సరే అన్నది దాని సారాంశం.

ఆ సూత్రం నూటొక్క సంవత్సరాల తర్వాత అంతరిక్షంలో వినిపించింది. 1991లో వచ్చిన ఆరో 'స్టార్ ట్రెక్' చిత్రంలో నౌకలో దాక్కున్న హంతకులను వెతుకుతూ స్పాక్ అనే మొనదేలిన చెవుల అధికారి అదే మాట అంటాడు. పైగా ఆ మాట చెప్పినది తన పూర్వీకుడని చెప్పుకుంటాడు. దర్శకుడు నికొలస్ మేయర్ స్వయంగా హోమ్స్ పాత్రతో 1974లో నవల రాసి పేరు తెచ్చుకున్న మనిషి కాబట్టి ఇది ఆయన ఆడిన చిలిపి ఆట. ఆ ఆటలో ఇంకో మెలిక ఉంది. స్పాక్ వేషంలో ఉన్న నటుడు అంతకు పదిహేనేళ్ల ముందు రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ తయారుచేసిన 'షెర్లాక్ హోమ్స్' నాటకంలో హోమ్స్‌గా అమెరికా నగరాలు తిరిగాడు. పూర్వీకుడు, వారసుడు ఒకే మనిషి.

ఆ మనిషి లియోనార్డ్ నిమోయ్. టీవీ చూసే ప్రపంచానికి ఆయన చెవులు తెలుసు. ఆ చెవుల వెనక ఉన్న రంగస్థలం గురించి తెలిసినవాళ్లు తక్కువ.

నిమోయ్ 1931 మార్చి 26న బోస్టన్‌లో పుట్టారు. తల్లిదండ్రులు ఉక్రెయిన్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు, ఇంట్లో మాట్లాడే భాష యిడ్డిష్. తండ్రి క్షౌరశాల నడిపేవారు. వలస వచ్చిన వారి పిల్లల కోసం పేటలో నడిచే ఎలిజబెత్ పీబాడీ హౌస్ అనే సేవాకేంద్రంలో చిన్న నాటకశాల ఉండేది. ఎనిమిదేళ్ల వయసులో ఆయన తొలిసారి వేదిక ఎక్కింది అక్కడే. అసలు మలుపు పదిహేడో ఏట వచ్చింది. మాంద్యం రోజుల్లో ఒక యూదు కుటుంబం పడే అగచాట్ల మీద క్లిఫర్డ్ ఒడెట్స్ రాసిన 'అవేక్ అండ్ సింగ్' నాటకంలో కుర్రవాడి పాత్ర ఆయనకు దొరికింది. తన ఇంట్లో రోజూ వినిపించే గొడవలే వేదిక మీద వినిపించేసరికి ఇక వేరే పని చేయకూడదని నిశ్చయించుకున్నారు. కన్నవారికి అది మింగుడు పడలేదు. నటుడివి కావాలంటే అయ్యావు గానీ అకార్డియన్ కూడా నేర్చుకో, ఎక్కడైనా నాలుగు డబ్బులు వస్తాయని తండ్రి సలహా ఇచ్చారు. టైపు నేర్చుకుని ఆ తర్వాత నాటకాలు వేసుకోమని చెప్పిన తెలుగు తండ్రులకు ఆ మాటలో తమ గొంతు వినిపిస్తుంది.

వ్యాక్యూమ్ క్లీనర్లు అమ్మి కూడబెట్టిన డబ్బుతో రైలెక్కి కాలిఫోర్నియా చేరిన నిమోయ్‌కు సినిమా వెంటనే తలుపు తీయలేదు. 1952లో కథానాయకుడిగా చేసిన చిన్న చిత్రం 'కిడ్ మంక్ బరోనీ' ఎవరి కంటా పడలేదు. అదే ఏడాది ఒక చవకబారు సీరియల్‌లో అంగారక గ్రహవాసి వేషం కూడా వేశారు. భవిష్యత్తు ఏమిటో అప్పుడే తెలిసిపోయిందని ఇప్పుడు నవ్వుకోవచ్చు కానీ అప్పట్లో అది పొట్టకూటి వేషం. 1953 నుంచి రెండేళ్లు సైన్యంలో ఉన్నప్పుడు అట్లాంటాలోని స్థానిక నాటక సమాజంతో కలిసి టెనెసీ విలియమ్స్ 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'కు దర్శకత్వం వహించి, అందులో స్టాన్లీ పాత్ర తనే వేశారు.

సైన్యం నుంచి వచ్చాక టాక్సీ నడిపారు. 1956లో ఒక రాత్రి లాస్ ఏంజెలిస్‌లో ఆయన కారెక్కిన ప్రయాణికుడు మసాచుసెట్స్ సెనేటర్ జాన్ కెనెడీ. ఇద్దరిదీ ఒకే రాష్ట్రం, మాట కలిసింది. నటుడినని చెప్పిన డ్రైవరుతో నీ వృత్తిలోనూ నా వృత్తిలోనూ పోటీ ఎక్కువే, అయినా మంచివాడికి ఇంకో చోటు ఎప్పుడూ ఉంటుందని కెనెడీ అన్నారని నిమోయ్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. డాలరుంబావు ఛార్జీకి సెనేటర్ జేబులో డబ్బు లేదు. రాజకీయ నాయకులు జేబులో డబ్బు పెట్టుకోకపోవడం మన దేశానికే పరిమితమైన అలవాటు కాదన్నమాట.

ఆయనకు నటన మీద పట్టు కుదిరింది జెఫ్ కోరీ శిక్షణలో. కమ్యూనిస్టుల వేటలో పేర్లు చెప్పడానికి నిరాకరించి హాలీవుడ్ వెలివేసిన వారి జాబితాలోకెక్కిన నటుడు కోరీ. వేషాలు లేక పాఠాలు చెప్పుకుని బతికారు. ఒక రాజకీయ కక్ష ఒక నటుడి జీవనోపాధిని లాక్కుంటే, ఆ తరంలోని ఎందరో నటులకు గొప్ప గురువు దొరికాడు. నిమోయ్ కొంతకాలం ఆ పాఠశాలలోనే బోధించారు, తర్వాత తన సొంత తరగతులు నడిపారు. ఫ్రెంచ్ రచయిత జాన్ జెనే రాసిన జైలు నాటకం 'డెత్‌వాచ్'లో వేషం వేశారు. టీవీలో మాత్రం దొంగ, గూండా, రెడ్ ఇండియన్ వంటి ఒక్కరోజు పాత్రలే. ముప్పయి మూడేళ్లు వచ్చేవరకూ సంగతి అంతే.

1964లో 'ద లెఫ్టినెంట్' అనే సీరియల్‌లో ఒక ఎపిసోడ్‌కు వచ్చిన నిమోయ్‌ను నిర్మాత జీన్ రాడెన్‌బెరీ గుర్తు పెట్టుకున్నారు. ఆయన తలపెట్టిన 'స్టార్ ట్రెక్' తొలి నమూనా ఎపిసోడ్‌ను ఎన్‌బీసీ చానల్ బుర్రకు మరీ ఎక్కువ పని చెబుతోందంటూ తిరస్కరించింది. రెండోది ఒప్పుకుంది గానీ చెవులవాడిని తీసేయాలని పట్టుబట్టింది. ఆ చెవులు దెయ్యాన్ని తలపిస్తాయని, భక్తిపరులైన ప్రేక్షకులు చానల్ తిప్పేస్తారని దాని భయం. స్థానిక స్టేషన్లకు పంపిన ప్రచార పుస్తకంలో స్పాక్ బొమ్మకు చెవుల మొనలు, కనుబొమల వంపు చెరిపి మామూలు మనిషిని చేశారు. రాడెన్‌బెరీ మాత్రం వదల్లేదు. 1966 సెప్టెంబరు 8న సీరియల్ మొదలైంది.

అది వియత్నాం యుద్ధం, నల్లవారి పౌరహక్కుల పోరాటం అమెరికాను అట్టుడికిస్తున్న కాలం. ఆ సమయంలో రాడెన్‌బెరీ తన నౌకలో ఒక నల్లజాతి మహిళను, ఒక జపాన్ సంతతివాడిని, రెండో ఏడు ఒక రష్యన్‌ను అధికారులుగా కూర్చోబెట్టారు. స్పాక్ వీళ్లెవరికీ చెందడు. తల్లి మనిషి, తండ్రి వల్కన్ గ్రహవాసి. రెండు ఇళ్లకూ పూర్తిగా చెందని ఆ బిడ్డ పరిస్థితి తనకు కొత్త కాదని, బోస్టన్‌లో వలస కుటుంబంలో పెరిగినవాడికి అది తెలిసిన సంగతేనని నిమోయ్ చెప్పేవారు. ఆ ఎరుకను ఆయన మాటల వరకే ఉంచుకోలేదు. 1973లో 'స్టార్ ట్రెక్' కార్టూన్ సీరియల్ తలపెట్టి, ఖర్చు తగ్గించడానికి నిషెల్ నికోల్స్, జార్జ్ టకేయిలను పక్కన పెడితే, వాళ్లు లేకుండా తన గొంతు ఇవ్వనని తెగేసి చెప్పారు. ఆ ఇద్దరినీ తీసుకోక తప్పలేదు.

ఇంతకీ ఉద్వేగం చూపని పాత్రను నటించడం ఎలా? మూడు సంవత్సరాలు, 79 ఎపిసోడ్లు, దాదాపుగా ఏడుపూ నవ్వూ లేకుండా. చాలామంది ఇదేం నటన, ముఖం బిగించుకుని కూర్చోవడమేగా అనుకున్నారు. నాటకం తెలిసినవాడికి ఆ లెక్క వేరుగా ఉంటుంది. గాయకుడు హ్యారీ బెలఫాంటే ఒక కచేరీలో చాలాసేపు కదలకుండా నిలబడి పాడి, ఆ తర్వాత ఒక్క చెయ్యి ఎత్తితే వేలమంది ఉలిక్కిపడిన తీరు చూసి తాను నేర్చుకున్నానని నిమోయ్ చెప్పారు. స్పాక్ కనుబొమ ఒకటి లేవడానికి అంత బలం రావడం వెనక రహస్యం అదే. ఒక ఎపిసోడ్‌లో ఎదురుగా ప్రమాదం కనిపిస్తుండగా అందరూ కంగారుపడుతుంటే స్పాక్ 'ఆసక్తికరం' అన్న అర్థమొచ్చే ఒకే మాట అనాలి. ఆయన కూడా గట్టిగా అరిచారు. నువ్వు శాస్త్రవేత్తవు, వాళ్లకు దూరంగా ఉండు అని దర్శకుడు జోసెఫ్ సార్జెంట్ సరిదిద్దారు. పాత్ర దొరికింది ఆ క్షణంలోనేనని నిమోయ్ చెప్పేవారు.

నాలుగు వేళ్లను రెండేసిగా విడదీసి చెయ్యి ఎత్తే వల్కన్ నమస్కారం కూడా రచయితలు ఇచ్చినది కాదు. చిన్నప్పుడు యూదు ప్రార్థనామందిరంలో పురోహిత వంశీకులు ఆశీర్వదించే వేళ అందరూ కళ్లు మూసుకోవాలి. ఎనిమిదేళ్ల పిల్లాడు దొంగచాటుగా చూసిన ఆ చేతి ముద్రే పాతికేళ్లు దాటాక టీవీకెక్కింది. సంజ్ఞ దాచుకోవడం, అవసరమైనప్పుడు తీసి వాడటం మన కూచిపూడి భాగవతులకు చెప్పక్కర్లేని విద్య.

మూల్యం కూడా ఉంది. రోజుకు పన్నెండు గంటలు భావాలు బిగబట్టిన మనిషిని వారాంతంలో కూడా ఆ పాత్ర వదిలేది కాదు. తిరిగి తనలా తాను కావడానికి ఆదివారం మధ్యాహ్నం అయ్యేదట. ఆ రోజుల్లోనే తాగుడుకు బానిసయ్యానని ఎన్నో ఏళ్ల తర్వాత బహిరంగంగా ఒప్పుకున్నారు. ఇంత చేస్తే 1969లో రేటింగులు లేవని చానల్ సీరియల్‌ను ఆపేసింది. అసలు కీర్తి ఆ తర్వాతే వచ్చింది. ఊరూరా చిన్న స్టేషన్లు పాత ఎపిసోడ్లను మళ్లీ మళ్లీ వేయడంతో, పని పోయాక నటుడు ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. మన దేశానికి కూడా 'స్టార్ ట్రెక్' అలాగే, ఆలస్యంగా, 1980లలో దూరదర్శన్ ద్వారా వచ్చింది. ఇంగ్లిష్ అర్థం కాని ఇళ్లలో కూడా చెవులు అర్థమయ్యాయి.

ఒక పాత్ర నటుడిని మింగేయడం తెలుగువారికి బాగా తెలిసిన వ్యవహారం. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. అదే శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన జె.వి. సోమయాజులు రెవెన్యూ శాఖ ఉద్యోగం చేస్తూ, తమ్ముడు రమణమూర్తి గిరీశంగా, తాను రామప్పపంతులుగా దశాబ్దాల పాటు 'కన్యాశుల్కం' ఆడారు. రామప్పపంతులు అంటే కుటిలం, కక్కుర్తి, వెకిలితనం కలిసిన మనిషి. 1980లో 51 ఏళ్ల వయసులో 'శంకరాభరణం' వచ్చింది. ఆ తర్వాత 2004లో కన్నుమూసే దాకా ఆయన ఎక్కడికి వెళ్లినా శంకరశాస్త్రే. కాళ్లకు నమస్కారం చేసినవారిలో ఎంతమందికి ఆ నాలుక మీద రామప్పపంతులు కూడా ఉన్నాడని తెలుసు? కీర్తి ఒక పాత్రకు వస్తే, దాన్ని మోసే బాధ్యత నటుడి మీద పడుతుంది. మిగతా పాత్రలన్నీ చూసినవారి జ్ఞాపకంలో తప్ప ఎక్కడా మిగలవు, నాటకానికి రికార్డు ఉండదు కాబట్టి.

నిమోయ్ దీనికి చేసిన పని తిరిగి వేదిక ఎక్కడం. 'మిషన్: ఇంపాజిబుల్' సీరియల్‌లో రెండేళ్లు చేసి బయటకు వచ్చి 1971లో 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్'లో పాలమ్ముకునే టెవ్యెగా నిలబడ్డారు. స్పాక్‌కు పూర్తిగా వ్యతిరేక ధ్రువం అది. పాడాలి, ఏడవాలి, దేవుడితో పోట్లాడాలి. తల్లిదండ్రులు వదిలివచ్చిన ప్రపంచం అది. ఆ తర్వాత 'ఆలివర్'లో జేబుదొంగల గురువు ఫేగిన్, 'క్యామలాట్'లో రాజు ఆర్థర్, 'ద కింగ్ అండ్ ఐ'లో సయాం రాజు, 1976 నాటికి హోమ్స్. 1977లో బ్రాడ్‌వేలో 'ఎక్వస్' నాటకంలో మానసిక వైద్యుడి పాత్ర. చిన్న పట్టణాల వేసవి నాటకశాలల్లో జనం టికెట్టు కొన్నది స్పాక్‌ను చూడటానికేనని ఆయనకు తెలుసు. తెర లేచాక వారి ముందుకు వచ్చేది ఇంకొకరు. ఈ బేరంలో మోసం లేదు. సీరియల్ లేకపోతే ఆ పాత్రల్లో సగం ఆయనకు దక్కేవి కావు.

అయితే 1975లో రాసిన ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు 'ఐ యామ్ నాట్ స్పాక్'. 'నేను స్పాక్‌ను కాను' అన్న ఆ ముక్క అట్ట మీద చూసి లోపలి పేజీలు తిప్పకుండానే అభిమానులు మండిపడ్డారు. పుస్తకంలో నిజానికి ఆ పాత్ర మీద ఉన్నది ప్రేమే. తనకూ స్పాక్‌కూ మధ్య సంభాషణలు కూడా అందులో ఉన్నాయి. ఆ పేరు పెట్టడం పొరపాటని నిమోయ్ తర్వాత ఒప్పుకున్నారు. ఇరవయ్యేళ్లకు, 1995లో, రెండో పుస్తకానికి 'ఐ యామ్ స్పాక్' అని పేరు పెట్టారు. దీన్ని లొంగుబాటు అన్నవారున్నారు. ఆ మధ్య ఇరవయ్యేళ్లలో ఏం జరిగిందో చూస్తే ఆ మాట నిలవదు. 1979 నుంచి సినిమాలుగా వచ్చిన 'స్టార్ ట్రెక్'లో ఆయన మళ్లీ చెవులు పెట్టుకున్నారు, మూడు, నాలుగు భాగాలకు దర్శకత్వం వహించారు. 1987లో తీసిన 'త్రీ మెన్ అండ్ ఎ బేబీ' ఆ ఏడాది అమెరికాలో విడుదలైన చిత్రాల్లో అత్యధిక వసూళ్లు సాధించింది. వేదిక మీద స్పాక్ నీడ నుంచి బయటపడిన మనిషే స్పాక్‌ను తనవాడని చెప్పుకోగలిగాడు.

వాటన్నిటికంటే ఎక్కువ మాట్లాడుకోవలసింది 1978లో మొదలుపెట్టి మూడేళ్లపాటు ఊరూరా ఆడిన 'విన్సెంట్' గురించి. ఫిలిప్ స్టీఫెన్స్ నాటకం ఆధారంగా నిమోయ్ స్వయంగా తిరగరాసుకున్న ఏకపాత్ర నాటకం ఇది. చిత్రకారుడు వాన్ గో చనిపోయిన వారానికి తమ్ముడు థియో వేదిక మీదకు వచ్చి, అంత్యక్రియల రోజు చెప్పలేకపోయిన మాటలు చెబుతాడు. అన్న పేరు వెలగడం కోసం జీవితాంతం చాటున ఉండిపోయిన తమ్ముడు థియో. తనకంటే పెద్దదైపోయిన ఒక పేరుతో ఎలా బతకాలో నటుడు తనకు తాను చెప్పుకున్నట్టే ఉంటుంది ఆ ఎంపిక. విన్సెంట్ పాత్ర తీసుకోకుండా థియోను మధ్యలో నిలబెట్టడమే దానికి సాక్ష్యం. అదృష్టవశాత్తూ 1981లో ఆ ప్రదర్శనను చిత్రీకరించారు. నాటకాల్లోని నిమోయ్‌ను ఈ రోజు చూడాలంటే దారి అదే. అండమాన్‌కు చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ పడిన 2020 ఆగస్టు దాకా ఉపగ్రహం మీద నత్తనడక నడిచిన ఇంటర్నెట్‌తో అలాంటివి చూడటం ఈ దీవుల్లో అయ్యే పని కాదు.

'స్టార్ ట్రెక్' నటుల్లో నాటకం నుంచి వచ్చినవాడు నిమోయ్ ఒక్కడే కాదు. కెప్టెన్ కిర్క్‌గా చేసిన విలియం షాట్నర్ 1956లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్ ఉత్సవంలో 'హెన్రీ ఫైవ్'లో క్రిస్టఫర్ ప్లమర్‌కు బదులు నటుడిగా ఉన్నారు. 1987లో రెండో తరం సీరియల్‌కు కెప్టెన్‌గా వచ్చిన పాట్రిక్ స్టీవర్ట్ అయితే 1966 నుంచి రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ నటుడు. పేరు తెలియని బ్రిటిష్ షేక్‌స్పియర్ నటుడంటూ ఒక పత్రిక రాస్తే, తోటి నటులు ఆ ముక్కనే ఆయన గది తలుపుకు అతికించి ఏడిపించారు. ఎలాగూ తీసేస్తారనుకుని ఆయన వారాల తరబడి పెట్టెలు సర్దుకోకుండానే ఉండిపోయారు. ఏడేళ్లు, 178 ఎపిసోడ్లు గడిచాయి. స్టీవర్ట్‌కు తిరిగి వెళ్లడానికి ఒక సంస్థ, ఒక సంప్రదాయం ఉన్నాయి. బోస్టన్ క్షౌరశాల నుంచి వచ్చిన నిమోయ్ ఏ ఊరి వేదిక దొరికితే ఆ వేదిక తనే వెతుక్కోవలసి వచ్చింది. ఇద్దరి ప్రయాణాల్లో ఇదే ప్రధానమైన తేడా.

సిగరెట్లు మానేసి మూడు దశాబ్దాలైనా అవి చేసిన హాని వదల్లేదు. శ్వాసకోశ వ్యాధితో 2015 ఫిబ్రవరి 27న, 83వ ఏట నిమోయ్ చనిపోయారు. తనకు స్పాక్ అంటే ప్రేమ అని అప్పటి అధ్యక్షుడు ఒబామా ప్రకటన చేశారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కిటికీలోంచి వ్యోమగామి టెరీ వర్ట్స్ వల్కన్ నమస్కారం చేస్తూ ఫొటో పంపారు. ఆ ఫొటోలో కింద కనిపించే భూభాగం బోస్టన్ పరిసరాలదే.

నటుడిగా సంపాదించిన దాంట్లో కొంత ఆయన నాటకశాలలకే తిరిగిచ్చారు. న్యూయార్క్‌లోని సింఫనీ స్పేస్‌లో ఉన్న చిన్న హాలుకు నిమోయ్ థాలియా అని పేరు. లాస్ ఏంజెలిస్‌లోని వెస్ట్‌వుడ్‌లో క్రెస్ట్ అనే పాత సినిమా హాలును భార్య సూజన్ బే నిమోయ్ విరాళంతో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొని, మళ్లీ మనుషులు ఎదురుగా నిలబడి ఆడే వేదికగా మార్చి 2023 సెప్టెంబరులో తెరిచింది. టాక్సీ నడుపుతూ ఆయన తిరిగిన నగరమే అది. హాలు పేరు నిమోయ్. స్పాక్ కాదు.